మౌత్‌పీస్ మారిస్తే మారేది ధ్వనా, వాయించే హాయా? కప్పు, రిమ్ము, థ్రోట్ గురించి చెప్పండి

ఉదయరాగం:
అందరికీ నమస్కారం. నేను బి ఫ్లాట్ ట్రంపెట్ వాయిస్తాను. వాద్యంతో పాటు వచ్చిన బాక్ కంపెనీ 7సి మౌత్‌పీస్‌తోనే ఇంతకాలం సాధన చేశాను. ఈమధ్య మా బృందంలో ఒకరు లోతు తక్కువ కప్పు (పెదవుల ముందుండే గిన్నెలాంటి భాగం) ఉన్న తన మౌత్‌పీస్ ఇచ్చి వాయించి చూడమన్నారు. తార స్థాయి స్వరాలు సులువుగా పలికాయి గానీ, మధ్య స్థాయిలో ధ్వని పల్చబడింది. పైగా కొంతసేపు వాయించి పెదవులు కాస్త ఉబ్బాక స్వరం ఉన్నట్టుండి తెగిపోయింది. మరొకరి 1½సి పెట్టుకుంటే ధ్వని నిండుగా వచ్చింది, కానీ పెదవులు త్వరగా అలసిపోయాయి. ఇందులో ఏ మార్పు దేనివల్ల వస్తోంది? కొత్తది తీసుకోవాలంటే దేన్ని చూసి తీసుకోవాలి?

పాఠాలమాస్టారు:
ఉదయరాగం గారూ, మీరు లక్షణాలను చక్కగా గమనించారు. స్వరం తెగిపోవడం సంగతి ముందు చెబుతాను. రిమ్ము, అంటే పెదవులు ఆనే అంచు మీద ఒత్తిడి పడితే పెదవులు కొంత మేర కప్పులోకి చొచ్చుకుపోతాయి. ఎంత చొచ్చుకుపోతాయన్నది మనిషిని బట్టి ఉంటుంది. కప్పు లోతు తక్కువైతే, పెదవులు ఉబ్బినప్పుడు కప్పు గోడకు తగులుతాయి. తగిలిన పెదవి కంపించలేదు కాబట్టి స్వరం ఆగుతుంది. అదే మౌత్‌పీస్ మీ మిత్రుడికి ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు, ఆయన పెదవులు పల్చగా ఉండవచ్చు లేదా లోపలికి తక్కువ వెళ్తూ ఉండవచ్చు. అందుకే ఒకరికి అమరినది ఇంకొకరికి అమరుతుందన్న హామీ లేదు.

ఇక 1½సి. బాక్ జాబితా ప్రకారం 7సి కప్పు లోపలి వ్యాసం 16.20 మి.మీ., 1½సి వ్యాసం 17.00 మి.మీ. తేడా 0.8 మి.మీ. మాత్రమే. కానీ వైశాల్యంలో చూస్తే పది శాతం. అంటే రిమ్ము లోపల స్వేచ్ఛగా ఉండే పెదవి భాగం పది శాతం పెరిగింది, దాన్ని అదుపులో పెట్టే పని నోటి చుట్టూ ఉన్న కండరాలది. ఆ బలం ఇంకా లేకపోతే అలసట తప్పదు. ఆ కండరాలకు రోజూ పని చెబితే కొంతకాలానికి అలవాటు పడతాయి, కానీ అలవాటు పడేదాకా మూల్యం చెల్లించాల్సిందే.

తారస్థాయి:
మాస్టారు గారితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయితే లోతు తక్కువ కప్పును దగ్గరదారిగా చూసే ధోరణి నాకు నచ్చదు. నేను జాజ్ బృందంలో మొదటి ట్రంపెట్ వాయిస్తాను. సాక్సోఫోన్లు, ట్రాంబోన్లు, డ్రమ్ముల మధ్య నుంచి మా ధ్వని దూసుకురావాలి. లోతైన కప్పుతో అంత మెరుపు తేవాలంటే చాలా గట్టిగా ఊదాలి. లోతు తక్కువ కప్పులో అదే మెరుపు తక్కువ శ్రమతో వస్తుంది, కచేరీ చివరిదాకా పెదవులు నిలుస్తాయి. పని ఏదో తెలిసి ఎంచుకున్నప్పుడు అది సరైన పనిముట్టే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఏ మౌత్‌పీస్‌తోనూ మీకు పలకని స్వరాన్ని లోతు తక్కువ కప్పు పుట్టించదు. ఇప్పటికే పలుకుతున్న స్వరాన్ని తేలిక చేస్తుంది, అంతే. తార స్థాయి కోసమే మౌత్‌పీస్ మారుస్తున్నారంటే ముందు గాలి వేగం మీద, నాలుక స్థానం మీద పని చేయండి.

అనునాదం:
భౌతికశాస్త్రం బోధిస్తాను, ట్రంపెట్‌ను పోలిన కార్నెట్ వాయిస్తాను. ఈ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైనది, కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తాను.

ఇప్పుడే మీ మౌత్‌పీస్‌ను వాద్యం నుంచి తీసి, రిమ్మును అరచేతితో టప్పున కొట్టండి. చిన్న శబ్దం వస్తుంది, దానికి స్పష్టమైన శ్రుతి ఉంటుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే ధ్వనికీ దీనికీ మూలం ఒకటే: లోపలి గాలి ఘనపరిమాణం, దానికి ఉన్న సన్నని దారి కలిసి ఒక అనునాదకంగా, అంటే ఒక నిర్దిష్ట పౌనఃపున్యం దగ్గర గట్టిగా మోగేదిగా పనిచేస్తాయి. ట్రంపెట్ మౌత్‌పీస్‌కు ఈ అనునాద పౌనఃపున్యం సుమారుగా 850 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. కప్పు చిన్నదైతే, లోతు తగ్గితే ఇది పెరుగుతుంది. కప్పు పెద్దదైతే తగ్గుతుంది. థ్రోట్, అంటే కప్పు అడుగున ఉన్న సన్నని రంధ్రం వెడల్పు చేసినా పెరుగుతుంది.

దీనివల్ల ఏమవుతుంది? వాద్యం గొట్టానికి తనవైన అనునాదాలు వరసగా ఉంటాయి. మౌత్‌పీస్ తన సొంత పౌనఃపున్యానికి దగ్గరలో ఉన్న వాటిని బలపరుస్తుంది. ఆ బలపడే ప్రాంతం పైకి జరిగితే ధ్వనిలో ఎగువ అనుస్వరాలు (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) ఎక్కువవుతాయి, చెవికి మెరుపుగా వినిపిస్తుంది. కిందికి జరిగితే ధ్వని గంభీరమవుతుంది. ఉదయరాగం గారు చెప్పిన 'పల్చబడటం', 'నిండుగా రావడం' రెండింటి వెనకా ఉన్నది ఇదే.

ఇంతకన్నా ముఖ్యమైనది శ్రుతి. ఒక చివర పెదవులతో మూసుకున్న స్తూపాకార గొట్టానికి బేసి సంఖ్యల అనునాదాలే ఉంటాయి: 1, 3, 5, 7 నిష్పత్తిలో. దాంతో సంగీతం సాధ్యం కాదు. వాద్యం చివరి గంట ఆకారం దిగువ అనునాదాలను పైకి లాగుతుంది, మౌత్‌పీస్ ఎగువ అనునాదాలను కిందికి దింపుతుంది. ఈ రెండూ కలిసి పనిచేస్తేనే 2, 3, 4, 5 అనే సక్రమమైన వరస ఏర్పడుతుంది. కాబట్టి మౌత్‌పీస్‌ను గొట్టానికి తగిలించిన ఒక కొస అనుకోవద్దు. వాద్యం శ్రుతి నిర్మాణంలో సగం బాధ్యత దానిది.

మౌత్‌పీస్ ఎగువ అనునాదాలను ఎలా దింపుతుందంటే, అది వాద్యానికి కలిపే 'పొడవు' స్థిరంగా ఉండదు. మంద్ర స్థాయిలో, అంతే ఘనపరిమాణం గల చిన్న గొట్టం ముక్కలా ప్రవర్తిస్తుంది. స్వరం పైకి వెళ్లేకొద్దీ ఆ ముక్క పొడవు పెరిగినట్టు ప్రవర్తిస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త ఆర్థర్ బెనాడ్ (1925–1987) దీన్ని చాలా స్పష్టంగా వివరించారు. ఆయన చెప్పినదాని సారం: కప్పు ఆకారం కొంత మారినా సరే, మొత్తం ఘనపరిమాణం, అరచేతితో కొడితే వచ్చే పౌనఃపున్యం, ఈ రెండూ మారకుండా ఉంటే వాద్యం శ్రుతి దాదాపు మారదు. అందుకే చాలా లోతైన కప్పు పెడితే తార స్థాయి స్వరాలు శ్రుతికి కిందికి జారతాయి, మరీ లోతు తక్కువ కప్పు పెడితే పైకి పోతాయి.

ఉదయరాగం:
అనునాదం గారూ, మూడు మౌత్‌పీస్‌లనూ అరచేతితో కొట్టి చూశాను. శ్రుతి తేడా చెవికి స్పష్టంగా తెలిసింది! లోతు తక్కువ కప్పుది అన్నిటికన్నా పైన ఉంది. ఇంత సులభమైన పరీక్ష ఉంటుందని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

శంఖనాదం:
ఫ్రెంచ్ హార్న్ వాయించేదాన్ని కాబట్టి మా వైపు సంగతి కూడా చెబుతాను. ట్రంపెట్ కప్పు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. కప్పు అడుగున థ్రోట్ మొదలయ్యే చోట ఒక మలుపు చేతికి తెలుస్తుంది. హార్న్ కప్పులో ఆ మలుపు దాదాపు ఉండదు, రిమ్ము దగ్గర నుంచి లోపలికి గరాటులా సన్నబడుతూ పోతుంది. థ్రోట్ కూడా ట్రంపెట్ కన్నా వెడల్పు. హార్న్ ధ్వని మెత్తగా, కొంచెం దూరం నుంచి వస్తున్నట్టు వినిపించడంలో ఈ ఆకారానికి పెద్ద పాత్ర ఉంది. ఫ్లూగల్‌హార్న్ కప్పు కూడా ఈ వంశానిదే. అనునాదం గారి కార్నెట్ కప్పు కూడా సంప్రదాయ పద్ధతిలో చేసినదైతే ఇలాగే లోతుగా ఉండాలి.

అనునాదం:
అవునండి, లోతైనదే. ట్రంపెట్ తరహా కప్పు పెడితే కార్నెట్ తన గొంతు పోగొట్టుకుని చిన్న ట్రంపెట్‌గా మారిపోతుంది. నాకు అది బాధ కలిగించే విషయం.

లేత్‌మీద:
మౌత్‌పీస్‌లు తయారుచేయడం, మరమ్మతు చేయడం నా వృత్తి. ఇంతవరకూ కప్పు గురించే మాట్లాడుకున్నారు. నా దృష్టిలో వాయించేవాళ్లు అందరికన్నా ఎక్కువగా నిర్లక్ష్యం చేసేవి థ్రోట్, దాని తర్వాత వచ్చే బ్యాక్‌బోర్.

ట్రంపెట్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 11.7 మి.మీ. బాక్ ట్రంపెట్ మౌత్‌పీస్‌కు మామూలుగా వచ్చే 27వ నంబరు థ్రోట్ వ్యాసం 3.66 మి.మీ. అంటే వైశాల్యంలో గొట్టంలో దాదాపు పదో వంతు. వాద్యం మొత్తంలో అత్యంత ఇరుకైన చోటు అదే. ఈ నంబర్లు డ్రిల్లు నంబర్లు, చిన్న నంబరుకు పెద్ద రంధ్రం. 27 నుంచి 24కు వెళ్తే వ్యాసం 3.86 మి.మీ. అవుతుంది. పెరిగింది 0.2 మి.మీ., వైశాల్యంలో మాత్రం పదకొండు శాతం. ఊపిరి ధారాళంగా పోతుంది, ధ్వని పెద్దదవుతుంది. కానీ మెల్లగా వాయించేటప్పుడు స్వరాన్ని నిలబెట్టడం కష్టమవుతుంది, పొడవైన వాక్యాలకు ఊపిరి చాలదు. పెద్ద రంధ్రం గొప్పదనే నమ్మకంతో వచ్చి 'ఇంకా వెడల్పు చేయండి' అని అడిగేవారిని నేను ముందు వెనక్కి పంపుతాను. తొలిచిన లోహాన్ని తిరిగి పెట్టలేం.

కప్పు థ్రోట్‌ను కలిసే ఆ మలుపు గురించి శంఖనాదం గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ అంచు పదునుగా ఉంటే స్వరం మొదలు ఖణీమని వస్తుంది. దాన్ని కాస్త గుండ్రంగా చేస్తే స్వరం మెత్తగా మొదలవుతుంది, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి నాలుక తగలకుండా జారడం తేలికవుతుంది. రెండు మౌత్‌పీస్‌ల కొలతలన్నీ ఒకేలా ఉండి ఇదొక్కటే వేరైతే చాలు, వాయించే మనిషికి అవి రెండు వేర్వేరు వస్తువులు.

బ్యాక్‌బోర్ అంటే థ్రోట్ తర్వాత షాంక్ (వాద్యంలోకి దూర్చే కాడ) చివరిదాకా క్రమంగా వెడల్పయ్యే భాగం. ఎంత వెడల్పు అన్నదానికన్నా ఎంత త్వరగా వెడల్పవుతుందన్నది ముఖ్యం. ఇరుకుగా సాగితే ధ్వని బిగువుగా, మెరుపుగా ఉంటుంది. త్వరగా వెడల్పయితే గంభీరంగా, విశాలంగా ఉంటుంది, కానీ ఊపిరికి ఆనుకోవడానికి ఏమీ దొరకదని కొందరు ఫిర్యాదు చేస్తారు. లోతు తక్కువ కప్పుకు ఇరుకు బ్యాక్‌బోర్ కూడా పెట్టారంటే ధ్వని చెవులకు గుచ్చుకుంటుంది. లోతు తక్కువ కప్పుకు కొంచెం వెడల్పు బ్యాక్‌బోర్ జతచేస్తే ఎంతో బాగుంటుంది. అందుకే వార్బర్టన్ లాంటి తయారీదారులు కప్పు, బ్యాక్‌బోర్ విడివిడిగా అమ్ముతారు, మరతో బిగించుకోవచ్చు.

జారుగొట్టం:
ట్రాంబోన్ నుంచి ఒక చేర్పు. మాలో కొత్తవాళ్లు తరచు 12సి తో మొదలుపెట్టి తర్వాత 6½ఎఎల్‌కు వెళ్తారు. బాక్ కొలతల్లో 24.5 నుంచి 25.4 మి.మీ. కానీ మారేది వ్యాసం ఒక్కటే కాదు, కప్పు సి లోతు నుంచి ఎ లోతుకు వెళ్తుంది, అంటే ఇంకా లోతవుతుంది. ధ్వనిలో వచ్చే పెద్ద మార్పు లోతువల్ల అని నా అభిప్రాయం, వ్యాసం వల్ల కాదు. ఇంకొకటి: మా వాద్యాల్లో చిన్న షాంక్, పెద్ద షాంక్ అని రెండు ఉన్నాయి. తీసుకునేముందు మీ వాద్యానికి ఏది పడుతుందో చూసుకోండి.

ఉదయరాగం:
నంబర్లు, అక్షరాలు చూస్తే తికమకగా ఉంది. యమహా 11బి4 నా 7సి కి దగ్గరగా ఉంటుందని అంటారు. కానీ యమహా 11బి4 వ్యాసం 16.46 మి.మీ. అని రాస్తుంది. 16.20 తో ఇది ఎలా సరిపోతుంది?

లేత్‌మీద:
మంచి ప్రశ్న. కప్పు గోడ నిట్టనిలువుగా ఉండదు, రిమ్ము దగ్గర నుంచే వంపు తిరుగుతుంది. వ్యాసం ఎంత లోతులో కొలిచారన్నదాన్ని బట్టి సంఖ్య మారుతుంది. తయారీదారులందరూ ఒకే చోట కొలవరు. కాబట్టి ఒకే తయారీదారు జాబితాలోని రెండు సంఖ్యలను పోల్చవచ్చు గానీ, ఇద్దరి జాబితాలను పక్కపక్కన పెట్టి పదో వంతు మిల్లీమీటరు గురించి వాదించుకోవడం వృథా.

అక్షరాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బాక్ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ వ్యాసం తగ్గుతుంది, ఎ చాలా లోతు, అక్కడి నుంచి ముందుకు వెళ్లేకొద్దీ లోతు తగ్గుతుంది. షిల్కీ, యమహా పద్ధతిలో నంబరు పెరిగితే వ్యాసం పెరుగుతుంది, ఎ లోతు తక్కువ, ఇ బాగా లోతు. ఆ తర్వాత వచ్చే అంకె రిమ్ము ఆకారానికి గుర్తు, చివర్లో చిన్న అక్షరం ఉంటే అది బ్యాక్‌బోర్‌కు. ఈ రెండు పద్ధతులూ సరిగ్గా తలకిందులు.

పాఠాలమాస్టారు:
రిమ్ము సంగతి మిగిలిపోయింది. ధ్వని మీద రిమ్ము ప్రభావం నేరుగా తక్కువే, కానీ వాయించే మనిషి రోజంతా అనుభవించేది దాన్నే. వెడల్పు రిమ్ము ఒత్తిడిని పంచుతుంది, ఎక్కువసేపు వాయించవచ్చు. అయితే పెదవుల కదలికను పట్టి ఉంచుతుంది, దూరంగా ఉన్న స్వరాల మధ్య గెంతడం బరువవుతుంది. సన్నని రిమ్ము ఆ స్వేచ్ఛ ఇస్తుంది, కానీ ఒత్తి వాయించే అలవాటు ఉన్నవాళ్లను కోసేస్తుంది. లోపలి అంచు పదునుగా ఉంటే స్వరం శుభ్రంగా మొదలవుతుంది, గుండ్రంగా ఉంటే హాయిగా ఉంటుంది గానీ కచ్చితత్వం కొంత తగ్గుతుంది. పళ్లకు తీగలు కట్టించుకున్న పిల్లలకు నేను వెడల్పుగా, గుండ్రంగా ఉన్న రిమ్మే సూచిస్తాను. ఆ వయసులో హాయిగా వాయించగలగడమే ముఖ్యం.

సహజతూర్యం:
చరిత్రలోకి ఒక్క అడుగు. నేను వాల్వులు లేని బరోక్ ట్రంపెట్ వాయిస్తాను. దాని మౌత్‌పీస్ రిమ్ము చదునుగా, వెడల్పుగా ఉంటుంది, కప్పు పెద్దది, థ్రోట్ మొదట్లో అంచు చాలా పదును. సహజ అనుస్వరాల వరసలో 11వది, 13వది మన శ్రుతికి సరిపోవు, వాటిని పెదవులతోనే సరిచేయాలి. ఆ పెద్ద కప్పు స్వరాన్ని అటూ ఇటూ వంచే వీలు ఇస్తుంది. నేటి మౌత్‌పీస్ స్వరాన్ని ఒకచోట గట్టిగా నిలిపి ఉంచడానికి పుట్టింది, పాతది వంగనివ్వడానికి పుట్టింది. రెండింటినీ వాయించినప్పుడే వాటి వెనక ఉన్న ఆలోచన ఎంత గొప్పదో అర్థమవుతుంది.

మేలిమిపూత:
లోహం గురించి ఎవరూ చెప్పలేదు. నేను వెండిపూత నుంచి బంగారుపూతకు మారాను. ధ్వని స్పష్టంగా వెచ్చబడింది. కొలతలన్నీ అవే.

అనునాదం:
మేలిమిపూత గారూ, మీకు తేడా అనిపించిందన్నదాన్ని నేను కాదనను. కానీ ఎదుట కూర్చున్నవారికి అంత తేడా వినిపిస్తుందని మాత్రం ఒప్పుకోలేను. ధ్వనించేది లోపలి గాలి స్తంభం. గోడ కంపనం దానితో పోలిస్తే ఎంతో స్వల్పం. మీకు తేడా వచ్చే దారులు వేరే ఉన్నాయి: పూత మందం వల్ల లోపలి అంచు పదును కొద్దిగా తగ్గవచ్చు, బంగారం మీద పెదవి జారే తీరు వేరు, రిమ్ము నుంచి పళ్లు, దవడ ఎముక ద్వారా మీ చెవికి చేరే కంపనం కూడా ఉంది. అది వినేవారికి చేరదు.

మేలిమిపూత:
అలాగైతే కళ్లు మూసుకుని వినేవారితో పరీక్ష పెట్టించి చూస్తాను. అయినా నాకు హాయిగా ఉంటే నేను బాగా వాయిస్తాను, బాగా వాయిస్తే ధ్వని బాగుంటుంది. ఈ దారిలో పూత ధ్వనిని మార్చినట్టే కదా!

పాఠాలమాస్టారు:
ఆ మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను. హాయి అనేది చిన్న విషయం కాదు. వాద్యం మీద నమ్మకం ఉన్న మనిషి ఊపిరే వేరుగా ఉంటుంది.

పూత గురించి ఆరోగ్య దృష్టితో కూడా ఒక మాట. పూత అరిగి ఇత్తడి బయటపడితే దాన్ని పెదవులకు తగలనివ్వకండి. ఇత్తడిలో సీసం కలిసి ఉండే అవకాశం ఉంది, కొందరికి చర్మం కూడా మండుతుంది. మళ్లీ పూత వేయించండి. లోహం పడనివారికి బంగారుపూత, టైటానియం, ప్లాస్టిక్ రిమ్ములు ఉన్నాయి. చలిలో ఆరుబయట వాయించేవారికి ప్లాస్టిక్ రిమ్ము పెదవులను గడ్డకట్టనివ్వదు.

తారస్థాయి:
ఉదయరాగం గారికి నా సూచన: ఒకేసారి అన్నీ మార్చకండి. 7సి రిమ్ము మీకు అలవాటైతే, అదే రిమ్ముతో కప్పు మాత్రం వేరుగా ఉన్నది ప్రయత్నించండి. లేదా కప్పు లోతు అదే ఉంచి వ్యాసం కొంచెం పెంచండి. రెండూ కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. వాయిస్తూ మీరు విన్నదాన్ని నమ్మవద్దు, ఫోన్‌ను గది అవతలి మూల పెట్టి రికార్డు చేసి వినండి. దగ్గర నుంచి కరకుగా అనిపించిన ధ్వని దూరం నుంచి చక్కగా వినిపించడం చాలా మామూలు.

ఉదయరాగం:
అందరికీ ఎంతో కృతజ్ఞతలు. లోతు తక్కువ కప్పును తిరిగి ఇచ్చేశాను. నా పెదవులు దానికి సరిపోవు. 3సి ఒకటి అరువు తెచ్చుకుని రికార్డు చేసి విన్నాను. మధ్య స్థాయి నిండుగా ఉంది, అలసట 1½సి అంత లేదు. ఒక్క చిక్కు ఉంది. 7సి తో గట్టిగా నిలిచే కొన్ని స్వరాలు 3సి తో ఊగుతున్నాయి. రెండూ ఒకే తయారీదారువే. ఇది నా పెదవుల లోపమేనా?

లేత్‌మీద:
పెదవులను నిందించేముందు షాంక్‌ను చూడండి. మౌత్‌పీస్‌ను వాద్యంలో పెట్టి మెల్లగా అటూ ఇటూ కదపండి. కదులుతుంటే షాంక్ వాలు, అది దూరే గొట్టం వాలు కలవలేదని అర్థం, లేదా షాంక్ చివర ఎక్కడో తగిలి గుండ్రదనం పోయింది. అరువు తెచ్చిన మౌత్‌పీస్‌లలో ఈ రెండోది తరచు కనిపిస్తుంది. లోపలికి చూస్తే చివర నొక్కుకుపోయిన చోటు కంటికే కనబడుతుంది, దాన్ని సరిచేయడానికి తగిన పనిముట్టు ఉంటుంది.

కదలకపోతే, రెండు మౌత్‌పీస్‌లూ ఎంత లోతుకు దిగుతున్నాయో పెన్సిలుతో గుర్తు పెట్టి పోల్చండి. షాంక్ చివరకూ లోపల లీడ్‌పైప్ (మౌత్‌పీస్ తర్వాత వచ్చే మొదటి గొట్టం) మొదలుకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. చాలా ట్రంపెట్లలో అది 3 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. ఆ ఖాళీ మారితే స్వరాలు నిలిచే తీరు మారుతుంది. 3సి ఎక్కువ లోతుకు దిగుతుంటే, షాంక్ చుట్టూ పల్చని కాగితం ముక్క ఒక చుట్టు చుట్టి పెట్టి చూడండి, కొద్దిగా బయటికి వస్తుంది. స్వరాలు నిలబడితే కారణం దొరికినట్టే. నిలబడకపోతే కాగితం తీసేసి ఇక్కడ రాయండి, అప్పుడు థ్రోట్ నంబరు చూద్దాం. ఒక జాగ్రత్త: కాగితం పెట్టినప్పుడు గట్టిగా తిప్పి బిగించకండి. ఇరుక్కుపోతే పట్కారుతో లాగవద్దు, లీడ్‌పైప్ మెలిపడుతుంది. మౌత్‌పీస్ తీసే సాధనం ఉన్నవారి దగ్గరికి తీసుకువెళ్లండి.